చంద్రశేఖర్ తరఫున హాజరు

దేశాన్ని కాపాడేవాడికి చదువు ఉచితంగా చెప్పించడం సర్కారు ధర్మం. ఉచితంగా ఇచ్చేది ఏదైనా సరే, ఊరికే ఇవ్వకపోవడం ఆఫీసు ధర్మం. ఈ రెండు ధర్మాలూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా, రెండింటికీ సమానంగా మర్యాద దక్కేలా నడిచిన పథకం ఒకటి రెండువేల నాలుగో సంవత్సరంలో వనపర్తిలో ఉండేది. దాని పేరు 'వీర జవాను విద్యా వెలుగు'. ప్రవేశపెట్టినవారు దక్షిణాపథ సుదూర విద్యాపీఠం వారు. (విద్యాపీఠం హైదరాబాదులో ఉండేది. సుదూరం అన్నది విద్యార్థుల వైపు నుంచి కొలిచి పెట్టిన మాట.)

పథకం చాలా ఉదారమైనది. సైన్యంలో కొలువు చేస్తున్న ఏ సిపాయి అయినా ఫీజు కట్టకుండా బి.ఏ. చదువుకోవచ్చు. షరతులు రెండే రెండు. ఒకటి, తాను విధుల్లోనే ఉన్నానని ప్రతి ఏడూ అధ్యయన కేంద్రానికి స్వయంగా వచ్చి చెప్పాలి. రెండు, ఆదివారం తరగతులకు హాజరు కావాలి. ఈ రెండూ చేయగలిగిన సిపాయిని సైన్యం ఎన్నాళ్లు ఉంచుకుంటుందన్న సంగతి పథకంలో రాయలేదు. అది రక్షణశాఖ వారి ఆంతరంగిక విషయం.

ఈ షరతులు రాసిన కాగితం పట్టుకుని, గద్వాల నుంచి బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరులో బస్సు మారి వనపర్తి వచ్చిన మనిషి పేరు వసంత. పుట్టింది రాజోలిలో, మెట్టింది గద్వాలలో. పుట్టింటా అత్తింటా మగ్గాలే. ఇంటర్ పాసైన వారానికే పెళ్లయింది. భర్త చంద్రశేఖర్ సిపాయి, రాజస్థాన్ ఎడారిలో సరిహద్దు కాస్తుండేవాడు. వాళ్ల కాపురం సెలవు చీటీల మీద నడిచేది. సెలవు మంజూరైతే కాపురం, కాకపోతే ఉత్తరం.

ఇప్పుడు ఒక దారి దొరికింది. చంద్రశేఖర్ యూనిట్‌లోని పెద్ద సుబేదారు, ఈ కుర్రవాడు బాగా చదువుతాడని గమనించి, ఒక మాట అన్నాడు. డిగ్రీ ఉంటే సికింద్రాబాదు ట్రైనింగ్ సెంటర్‌లో కొత్త సిపాయిలకు పాఠాలు చెప్పే పోస్టుకు పేరు పంపిస్తానని, అక్కడ కుటుంబానికి క్వార్టర్ కూడా ఇస్తారని. ముప్పై దాటితే మాత్రం ఆ పోస్టుకు పనికిరాడు. అంటే మూడేళ్ల బి.ఏ.ని మూడేళ్లలోనే పూర్తి చేయాలి. (మన దేశంలో ఇది అంత మామూలు సంగతి కాదు.) వసంతకు ఆ క్వార్టర్ ఎట్లా ఉంటుందో తెలియదు. అందులో భర్త సాయంత్రానికి ఇంటికి వస్తాడన్న ఒక్క సంగతి చాలు.

అధ్యయన కేంద్రం సమన్వయాధికారి శ్రీ కురుమూర్తి గారు చెడ్డ మనిషి కాదు. లంచం ముట్టడు, కోపం చేయడు, ఎవరు వచ్చినా కూర్చోమంటాడు. ఆయనకున్న వ్యసనమల్లా రూళ్లు. విద్యాపీఠం వారి నియమావళికి సొంత ఖర్చుతో అట్ట వేయించి, దసరా నాడు బొట్టు పెట్టేవాడు.

"మీ ఆయన డ్యూటీల ఉన్నట్టు ఆయనే వచ్చి చెప్పాలెనమ్మా" అన్నాడు.

"ఆయన డ్యూటీల ఉన్నడు సార్. ఎట్ల వస్తడు?" అంది వసంత.

"సెలవు పెట్టుకోని వస్తడు."

"సెలవు పెడితే డ్యూటీల ఉన్నట్టు ఎట్లయితది సార్?"

కురుమూర్తి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన మాట అర్థమయ్యే మనిషి దొరికిందన్న సంతోషం అది. "అద్దీ! కాదు. సెలవుల ఉన్నోనికి రాయితీ లేదు" అన్నాడు.

"మరి రాయితీ ఎవలికొస్తది సార్?"

"ఇప్పటిదాక ఎవలికి రాలేదమ్మా. అందుకే మన కేంద్రం మీద ఒక్క ఆక్షేపణ కూడ లేదు."

వసంత లేవలేదు. అట్లా కుర్చీలోనే కూర్చుని, ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. మగ్గం ఇంట్లో పెరిగిన ఆడపిల్లకు పోగు తెగితే ఏడవడం రాదు, ముడి వేయడమే వస్తుంది. ఆమె కూర్చోవడం చూసి కురుమూర్తికి ఇబ్బందిగా అనిపించి నియమావళి తెరిచాడు. తిప్పగా తిప్పగా పద్నాలుగు (బి) దొరికింది. 'విధుల్లో ఉన్న సైనిక విద్యార్థి హాజరు కావలసిన ఏ సందర్భములోనైనను, అతని తరఫున ఎవరేని ప్రతినిధి హాజరు కావచ్చును. ప్రతినిధి హాజరైనచో విద్యార్థియే హాజరైనట్లు భావించవలెను.'

"ఎవరేని అంటే ఎవలన్న కావచ్చునా సార్?"

"ఎవరేని అంటే ఎవరేనే" అన్నాడు కురుమూర్తి, కొంచెం భక్తిగా.

ఇంటికొచ్చి సంగతి చెబితే మామ సత్తయ్యకు ఇందులో వింతేమీ కనిపించలేదు. గద్వాల చీర ఒక్కరి చేతి మీద కాదు. నడుమ నూలు, అంచుకు పట్టు, రెండూ కలిసే చోట రెండో మనిషి చేయి పడాలి. సత్తయ్య సంతకో, పెళ్లికో పోతే మగ్గం మీద ఆయన జాగాలో ఇంట్లో ఎవరో ఒకరు కూర్చునేవారు. చీర మీద ఎవరి చేయి ఎక్కడ మారిందో కనిపించకూడదు. చేనేత సొసైటీలో మాత్రం మగ్గం పేరు సత్తయ్య.

"దీంట్ల అడిగేదేముంది బిడ్డా?" అన్నాడు. "నేను లేకుంటే మీ అత్త కూసుంటలేదా? చీర నా పేరు మీద పోతలేదా? గట్లనే వాని జాగల నువ్వు కూసో."

మగ్గం మీద అత్త పద్మమ్మ ఉంది. ఆ మాటకు మగ్గం చప్పుడు కాస్త గట్టిగా వినిపించింది.

అట్లా చంద్రశేఖర్ ప్రతి ఆదివారం చీర కట్టుకుని తరగతికి రావడం మొదలుపెట్టాడు.

పద్నాలుగు (బి) సంగతి తెలిశాక ఇంకో ఇద్దరు సైనికులు కూడా చేరారు. పెద్దమందడి సిపాయి తరఫున ఆయన మేనమామ వచ్చి, పేపరు చదువుకుని పోయేవాడు. కొల్లాపూర్ నావికుడి తరఫున వాళ్ల నాయనమ్మ వచ్చేది. గోడకు ఆనుకుని హాయిగా నిద్రపోయేది. చివరి బెంచీకి 'సైనికుల వరుస' అని పేరు పడింది. మధ్యాహ్నం రెండు దాటాక భారత నౌకాదళం గురక వినిపించేది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్రతినిధి కూర్చోవాలని రూలు చెప్పింది గానీ మెలకువగా ఉండాలని చెప్పలేదు.

పొరపాటంతా వసంతదే. ఆమె పాఠం వింది.

వినకుండా కూర్చోవడం ఆమెకు రాదు మరి. మగ్గం మీద ఒకరి జాగాలో కూర్చుంటే, వాళ్లు ఆపిన చోట అందుకుని, వాళ్లు వచ్చేసరికి కొంత నేసి పెట్టాలి. ఊరికే కూర్చుని లేచి వచ్చే పద్ధతి వాళ్ల ఇళ్లలో లేదు. కాబట్టి విన్నది రాసుకుంది. రాసుకున్నది ఇంటికొచ్చి మళ్లీ చదివింది. నాలుగో ఆదివారం నాడు అర్థశాస్త్రం చెబుతున్న దానియేలు సారు ఉపాంత ప్రయోజనం దగ్గర కొంచెం పరుగెత్తేసరికి, లేచి నిలబడి అడిగేసింది.

"సార్, ఆ చివరి ముక్క అర్థం కాలే. జర మళ్ల చెప్పుండ్రి."

దానియేలు సారు పదిహేనేళ్ల నుంచి పాఠాలు చెబుతున్నాడు. మళ్లీ చెప్పమని అడిగిన మొదటి మనిషి ఈమె. ఆయన ఆనందం పట్టలేక రెండుసార్లు చెప్పాడు. నౌకాదళం కూడా ఉలిక్కిపడి లేచి వింది.

సమస్య సాయంత్రం వచ్చింది. సందేహాల రిజిస్టరులో ఎవరి పేరు రాయాలి? ప్రతినిధి హాజరైతే విద్యార్థి హాజరైనట్లే కనుక, అర్థం కానిది చంద్రశేఖర్‌కే. కురుమూర్తి అట్లాగే రాశాడు. 'సరిహద్దులో విధుల్లో ఉన్న సిపాయి చంద్రశేఖర్‌కు ఉపాంత ప్రయోజనము అర్థము కాలేదు.' రాసినదాన్ని ఆయన మళ్లీ చదువుకున్నాడు. తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడ్డ మనిషికి సందేహం కలగవచ్చునా? ఆ సంగతి రిజిస్టరులో నమోదు చేయవచ్చునా? అది శత్రుదేశం చేతిలో పడితే? వెంటనే హైదరాబాదుకు మెమో పంపాడు. విద్యాపీఠం వారు రెండు నెలలు ఆలోచించి జవాబిచ్చారు. దేశ భద్రతను దృష్టిలో పెట్టుకుని, సైనిక విద్యార్థులకు తరగతికి రెండు సందేహాల వరకు అనుమతించడమైనది, మూడవ సందేహము యూనిట్ కమాండరు ద్వారా పంపవలెను.

(ఆ తర్వాత మూడేళ్లలో వసంత ఏ ఆదివారమూ రెండు దాటలేదు. మూడోది మిగిలిపోతే పై వారానికి దాచుకునేది.)

విన్న పాఠం అసలు విద్యార్థికి చేరాలి కదా. ఆదివారం సాయంత్రం గద్వాలలో లలితమ్మ టెలిఫోను బూతుకు చంద్రశేఖర్ ఫోన్ చేసేవాడు. అంతకు ముందు వాళ్లు మాట్లాడుకునేది తక్కువ. తిన్నవా, తిన్న. పాప మంచిగున్నదా, ఉన్నది. అమ్మ నాయిన? మంచిగున్నరు. ఆ తర్వాత ఇద్దరూ గాలి చప్పుడు వినేవారు. ఇప్పుడు అట్లా లేదు.

"ఓ భవ్య నాయినా, ఇయ్యాల తుగ్లక్ అయిపోయిండు" అనేది వసంత. "రాజధాని మార్చిండు గద, ఎందుకు మార్చిండో ముందు నువ్వు చెప్పు."

"నువ్వు చెప్పవే, నా దగ్గర పుస్తకం లేదు."

"పుస్తకం లేకుంటే పరీక్షల గూడ ఉండది. చెప్పు."

బూతు బయట తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత వినసాగారు. ఆ ఏడాది గద్వాల పాత బస్టాండు దగ్గర కూరగాయలు అమ్మేవాళ్లకు కూడా ఢిల్లీ సుల్తానుల వరుస తప్పుల్లేకుండా వచ్చేదని చెప్పుకునేవారు. లలితమ్మ అయితే ఒక ఆదివారం వసంత రాకపోయేసరికి, పోయిన వారం ఆపిన షేర్షా సంగతి ఏమైందోనని ఇంటికి మనిషిని పంపింది.

ఇంటికి రాగానే పద్మమ్మ అడిగేది. "ఏమంటుండు నా కొడుకు? ఏడున్నడిప్పుడు?"

"పానిపట్టు కాడున్నడు అత్తమ్మా. రెండో యుద్ధం అయిపోయింది, మూడోది మిగిలింది."

"అయ్యో, మొన్ననే గద జైసల్మేరన్నడు! ఇంట్లకు ఒక్క మాట చెప్పకుంట యుద్ధాలకు పోతుండా వాడు?"

వసంత నవ్వాపుకోలేక దాలానంలోకి పరిగెత్తేది. ఆ రోజుల్లో ఆమె సంతోషంగా ఉండేది, దాచేదేముంది. పెళ్లయిన తర్వాత భర్తతో అంత సేపు, అంత ఇష్టంగా మాట్లాడింది ఆ మూడేళ్లలోనే. ఆయన కూడా అవతల ఇసుకలో కూర్చుని, ఆమె పంపిన నోట్సు చదివి, సమాధానాలు తన చేతివ్రాతతో రాసి పంపేవాడు. చదువు నిజంగానే ఇద్దరికీ వచ్చేసింది. ఇది పథకం ఉద్దేశాల్లో లేదు.

రెండువేల ఆరులో ప్రగతి వచ్చింది. అంటే కంప్యూటరు వచ్చింది. దాని నెత్తి మీద గోలీకాయంత కన్ను. హాజరులో అవకతవకలు అరికట్టడానికి, తరగతిలో ఉన్న ప్రతి మనిషి ఫోటోనూ ఆ మనిషి హాజరు పేరు కింద నమోదు చేయాలని హైదరాబాదు నుంచి ఉత్తర్వు. నావికుడి నాయనమ్మ కొంగు సర్దుకుని, పాన్ నమిలిన నోరు మూసుకుని ఫోటో దిగింది. వసంత వంతు వచ్చింది.

"సార్, నా ఫోటో ఆయన పేరు కింద పెడ్తే మోసం కాదా?" అని అడిగింది.

"పెట్టకపోతే మోసమమ్మా" అన్నాడు కురుమూర్తి ఓపికగా. "ప్రతినిధి వస్తే విద్యార్థి వచ్చినట్టే గద. అంటే నువ్వు వస్తే చంద్రశేఖర్ వచ్చినట్టు. చంద్రశేఖర్ వచ్చినప్పుడు తీసిన ఫోటో చంద్రశేఖర్‌ది కాకుంట ఇంకెవలిదైతది?"

ఆ తర్కంలో వేలు పెట్టడానికి కూడా సందు లేదు. వసంత కెమెరా వైపు చూసింది. కంప్యూటరు చంద్రశేఖర్ ముఖాన్ని శాశ్వతంగా గుర్తుపెట్టుకుంది.

మొదటి రెండేళ్ల పరీక్షలు చంద్రశేఖర్ సెలవులో వచ్చి రాసిపోయాడు, అప్పటికి హాల్ టికెట్ల మీద ఫోటోలు లేవు. రెండువేల ఏడు ఏప్రిల్‌లో చివరి పరీక్షలు. చంద్రశేఖర్‌కు ఆ జూన్‌కు ముప్పై నిండుతాయి. ఈ పరీక్షలు తప్పితే డిగ్రీ రావచ్చు గానీ సికింద్రాబాదు పోస్టు రాదు. అతను ఎట్లాగో సెలవు సంపాదించి, రెండు రైళ్లు, ఒక లారీ మారి గద్వాల చేరాడు. పొద్దున్నే మొదటి బస్సుకు భార్యాభర్తలు, మూడేళ్ల భవ్యశ్రీతో సహా బయలుదేరారు. దారి పొడుగునా వసంత ప్రశ్నలు అడుగుతూనే ఉంది. కృష్ణ వంతెన మీద బస్సులో అందరూ నదికి దండం పెట్టుకుంటుంటే, చంద్రశేఖర్ ద్రవ్యోల్బణానికి మూడు కారణాలు చెబుతున్నాడు. మూడోది మరిచిపోతే ముందు సీటు పెద్దమనిషి అందించాడు. (ఆయన లలితమ్మ బూతు దగ్గరివాడు.)

హాల్ టికెట్లు పరీక్ష నాడే ఇచ్చేవారు, ముందే ఇస్తే విద్యార్థులు పోగొట్టుకుంటారని. పరీక్షల పర్యవేక్షకురాలు జానకమ్మ మేడమ్ నాగర్‌కర్నూల్ నుంచి వచ్చింది. నిప్పులాంటి మనిషని పేరు. ఆమె హాల్ టికెట్ చూసింది, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసింది, మళ్లీ హాల్ టికెట్ చూసింది.

"ఇదెవరిది?"

"నాది మేడమ్. చంద్రశేఖర్."

"ఫోటోల మీసం లేదు."

"ఫోటోల నేనే లేను మేడమ్."

"మంచిగ ఒప్పుకున్నవ్" అంది జానకమ్మ. "ఇంకొకరి పేరు మీద పరీక్ష రాసుడు ఎంత పెద్ద నేరమో ఎరికేనా? సర్కారు కొలువైతే అది గూడ ఊడుతది."

చంద్రశేఖర్ జేబులోంచి సైన్యం వారి గుర్తింపు కార్డు తీసి చూపించాడు. జానకమ్మ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి తిరిగిచ్చేసింది.

"ఇది సైన్యమోల్ల అభిప్రాయం. నాకు మా రికార్డే ప్రమాణం."

వరండాలో పాపను చంకనేసుకుని, ఇంకో చేత్తో సద్ది గిన్నె పట్టుకుని నిలబడ్డ వసంత పరుగున వచ్చింది. "మేడమ్, ఆ ఫోటో నాది. ఆయన తరఫున తరగతులల్ల నేను కూసున్న."

జానకమ్మ హాల్ టికెట్‌ను ఆమె ముఖం పక్కన పెట్టి చూసింది. కళ్లు, ముక్కు, పాపిట, అన్నీ సరిపోయాయి. నిప్పులాంటి ఆ మనిషి ముఖంలో మొదటిసారి ప్రసన్నత కనిపించింది.

"అయితే చంద్రశేఖర్ నువ్వేనన్నట్టు. ముందే చెప్పొద్దా? రా, పోయి కూసో. గంట కొడతరు."

రూలుకు అభ్యంతరం లేదు. పద్నాలుగు (బి) 'ఏ సందర్భములోనైనను' అనే అంటుంది. ముఖం సరిపోయింది, హాజరు సరిపోయింది, ప్రశ్నపత్రంలో ఏం వచ్చినా ఆమెకు వచ్చు. కూర్చుని రాసేస్తే క్వార్టర్ వస్తుంది. నిజం చెప్పాలంటే వసంత కాళ్లు గడప వైపు ఒక అడుగు వేశాయి కూడా. మూడేళ్లు విన్న పాఠం, ఒక్కసారి రాసి చూసుకోవాలని ఎవరికి ఉండదు? అప్పుడు భర్త ముఖం చూసింది. పోతే పో అన్నట్లు లేదు, వద్దు అన్నట్లూ లేదు. మూడో కారణాన్ని మళ్లీ మరిచిపోకుండా పెదవుల మీద అనుకుంటున్నాడు.

"లేదు మేడమ్" అంది. "మగ్గం మీద ఆయన జాగల కూసుంటే చేతిసాయం. పరీక్షల కూసుంటే దొంగతనం. ఆయనకు గూడ వచ్చు. ఆయన్నే రాయనియ్యుండ్రి."

"ఆయన రాసేదానికి ఆయన ఎవరో రికార్డుల లేదమ్మా!" అంది జానకమ్మ.

అంతలో నియమావళి చంకలో పెట్టుకుని కురుమూర్తి వచ్చాడు. సంగతంతా విన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. నిజాయితీగా పరీక్ష రాస్తామనే వాళ్ల కోసం నియమావళిలో ఏ ఏర్పాటూ లేదని ఆయనకు అప్పుడే తెలిసింది. గంట కొట్టే మనిషి సుత్తి ఎత్తి పట్టుకున్నాడు. కురుమూర్తి పద్నాలుగు (బి) మళ్లీ చదివాడు, పెదవులు కదిలిస్తూ, జపం చేసినట్లు. ఉన్నట్టుండి లేచాడు.

"మేడమ్, విద్యార్థి అంటే ఎవరు? రికార్డుల ఉన్న ముఖమే గద?"

"అంతే."

"విద్యార్థి విధుల్లో ఉంటే ఎవరేని ప్రతినిధిగ రావచ్చు గద?"

"రావచ్చు."

"ఎవరేనిల మొగుడు వస్తడా, రాడా?"

జానకమ్మ ఆలోచించింది. "వస్తడు. అయితే ఈమె విధుల్లో ఉన్నదా? అది చూపియ్యుండ్రి."

ముగ్గురూ వసంత వైపు చూశారు. చంకలో పాప ఏడుస్తోంది. ఒక చేత్తో దాని ముక్కు తుడుస్తూ, మోచేతికి సద్ది గిన్నె, భుజాన భర్త సంచీ, పళ్ల మధ్య అతని పెన్ను మూత. కురుమూర్తి ఇంకేమీ అడగలేదు. తెల్ల కాగితం తీసి రాశాడు. 'సదరు విద్యార్థి ప్రస్తుతము విధి నిర్వహణలో ఉన్నారు. కళ్లారా చూచితిని.' ముద్ర కొట్టాడు.

గంట మోగింది. హాజరు పట్టీలో జానకమ్మ చెప్పినట్లే రాయించారు. 'చంద్రశేఖర్ తరఫున, చంద్రశేఖర్.' అతను లోపలికి వెళ్లి కూర్చుని మూడు కారణాలూ రాశాడు.

పాసయ్యాడు, మంచి మార్కులతో. గద్వాలలో సత్తయ్య వీధి వీధంతా లడ్డూలు పంచాడు. "నా కొడుకు బి.ఏ. పాసైండు" అని అందరికీ చెబుతుంటే, మగ్గం మీద నుంచి పద్మమ్మ అంది. "కోడలు గూడ పాసైంది. అది గూడ చెప్పు."

సత్తయ్య తల గోక్కున్నాడు. "అవు, నిజమే. అయితే కాగితం మీద..."

"కాగితం సంగతి నాకు చెప్పకు" అంది పద్మమ్మ.

సికింద్రాబాదు పోస్టు వచ్చింది, క్వార్టర్ వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు, నీళ్లు పొద్దున ఒక గంట. సామాను కట్టేటప్పుడు పద్మమ్మ కోడలి పక్కన కూర్చుంది. "ఆడికి పోయినంక నువ్వు గూడ చదువు బిడ్డా, నీ పేరు రాయించుకోని. నేను నలభై ఏండ్లు నేసిన, ఒక్క చీర మీద నా పేరు రాయించుకోలే. అడగాలని గూడ తెల్వలే." ఆమె ఏడవలేదు గానీ వసంత ఏడ్చింది.

దానియేలు సారు కూడా అదే మాట ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మా, ఇప్పుడు నీ తరఫున నువ్వే కూసో. నాకు సందేహాలు అడిగేటోల్లు లేక పాఠం చెప్పబుద్ధి అయితలేదు." అదృష్టం కొద్దీ ఆ ఏడాదే పథకాన్ని సైనికుల భార్యలకు కూడా వర్తింపజేశారు. వసంత బి.ఏ.కు దరఖాస్తు పెట్టింది. పేరు అన్న చోట వసంత అని, వృత్తి అన్న చోట గృహిణి అని, ఎక్కడా కొట్టివేతలు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. కొత్తగా ఫోటో దిగి అంటించింది.

ఇప్పుడు చంద్రశేఖర్ సాయంత్రం ఆరింటికి ఇంటికి వస్తున్నాడు. ఆ సాయంత్రం వచ్చేసరికి విద్యాపీఠం నుంచి జవాబు వచ్చి ఉంది. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు, పాప మధ్యలో. అతనే చదివాడు.

'మీ ఫోటోను రికార్డుతో సరిపోల్చడమైనది. సదరు ముఖము గల విద్యార్థి సరిహద్దులో దేశసేవ చేయుచూ ఇదివరకే బి.ఏ. ఉత్తీర్ణుడై ఉన్నాడు. కావున మరల బి.ఏ.లో ప్రవేశము కుదరదు. ఎం.ఏ.కు దరఖాస్తు చేసుకొనవచ్చును. అయితే వృత్తి అను గడిలో సిపాయి అని ఉండవలసిన చోట పొరపాటున గృహిణి అని వ్రాయబడినది. సరిదిద్ది పంపవలెను.'

చంద్రశేఖర్ పగలబడి నవ్వాడు. వసంత కూడా నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. పాప కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. రేపే కురుమూర్తి సారుకు ఫోన్ చేస్తానని, ఆయన ఏదో ఒక (బి) వెతికి పెడతాడని చంద్రశేఖర్ లోపలికి వెళ్లాడు, ఇవాళ టీ తాను పెడతానంటూ.

వసంత ఆ కాగితాన్ని ఇంకొకసారి చదివింది. ఇన్నేళ్లలో విద్యాపీఠం వారు ఆమె గురించి, ఎవరి తరఫునా కాకుండా ఆమె ఒక్కదాని గురించే, రాసిన మొదటి మాట అందులో ఉంది. పొరపాటు.